దాటిపోతే వెనక్కి రాలేరు

1740. అర్ధరాత్రి దాటింది. చుక్కాని మీ చేతుల్లో ఉంది. అరచేతులు బొబ్బలెక్కాయి. వారాల తరబడి గాలి మీ వీపు మీదే. తూర్పు నుంచి, కాస్త ఈశాన్యం నుంచి, పగలూ రాత్రీ ఒకే తీరున. వ్యాపార పవనాలు. అవే మిమ్మల్ని అట్లాంటిక్ దాటించాయి.

ఈ రాత్రి ఆ గాలే భయపెడుతోంది.

ముందెక్కడో బార్బడోస్ ఉంది. రోజూ మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలుస్తూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం పట్టుకుని వస్తున్నారు. ఎంత పడమరకు వచ్చారో చెప్పే గడియారం ఇంకా ఓడల్లోకి రాలేదు. దీవి పది మైళ్ల దూరంలో ఉందా, రెండు వందల మైళ్లా?

చాపలు దించి తెల్లారేదాకా ఆగుదామా? ఆగినా ఓడ పడమరకే కొట్టుకుపోతుంది. చీకట్లో దీవిని దాటిపోతే? మీది చదరపు చాపల ఓడ, గాలికి నేరుగా ఎదురెళ్లలేదు. ఇటు కొంత, అటు కొంత ఏటవాలుగా నడిపి, రోజంతా చచ్చీచెడీ వెనక్కి వచ్చేది కొద్ది మైళ్లే. ఇక పడమరన 160 కిలోమీటర్ల అవతలి సెయింట్ విన్సెంట్ దీవే దిక్కు.

నేల వాసన కూడా ముందుగా తెలియదు. గాలి వెనక నుంచి కదా.

ఏదో మోత. ఆగింది. మళ్లీ.

తెల్లటి గీత. నురుగు. పగడపు దిబ్బ!

తిప్పండి. ఎడమకి. ఇంకా!

ఓడ ఒరిగింది. తాళ్లు కిర్రుమన్నాయి. నురుగు కుడి పక్కగా జారిపోయింది.

తెల్లారి దీవి దక్షిణ కొన చుట్టి కార్లైల్ బేలోకి వస్తారు. నీళ్లు చెరువులా ఉన్నాయి. దీవి గాలికి అడ్డం నిలిచింది. ఈ గాలి చాటే ఇంగ్లీషు నావికుల 'లీవర్డ్'. రాత్రి మీరు వచ్చిన, గాలి కొట్టే వైపు 'విండ్‌వర్డ్'. పక్కన లంగరేసిన ఓడ నుంచి మూలుగులు. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చిన ఓడ. దాన్నీ ఈ గాలే తోసుకొచ్చింది.

ఈ ప్రాంతపు దీవుల గుంపులకూ ఆ రెండు మాటలే పేర్లయ్యాయి. గాలి ముందు తగిలే దక్షిణపు దీవులు, మార్టినిక్, సెయింట్ లూసియా, గ్రెనడా, విండ్‌వర్డ్. గాలి వాలున వాయవ్యంగా ఉన్న ఆంటిగ్వా, సెయింట్ కిట్స్ లీవర్డ్. డొమినికాను మాత్రం బ్రిటిష్ పాలన 1940లో లీవర్డ్ నుంచి విండ్‌వర్డ్‌లోకి మార్చింది. గాలి మారలేదు, పాలన లెక్క మారింది.

ఇంగ్లీషులో లీవర్డ్ అయిన సింట్ మార్టెన్, సాబా డచ్చి భాషలో గాలి వైపు దీవులు. వాళ్లకు గాలి చాటు దీవులంటే ఇంకా దిగువన ఉన్న కురసావ్, బొనేర్, అరూబా. అందుకే ఆ పేర్లు కనబడితే, ముందు ఆ మ్యాప్ ఎవరి భాషలో ఉందో చూడండి.