బడి జీతం మాఫీ చేసిన కాలపు మంత్రిగారు

దోహాలో పిల్లల బడి ఫీజులు కట్టే మన తల్లిదండ్రులకు, మేము పుట్టిన మారిషస్ సంగతి ఒకటి చెప్పాలని ఉంది. చెరకు తోటల్లో పనిచేసిన తాతలకు మూడవ తరంవారము మేము.

సర్ వీరాసామి రింగాడూ గారు తెలుగువారు కారు, తమిళులు. అయినా మా ఇళ్ళలో ఆయన పేరు పరాయిది కాదు. 1920లో పుట్టారు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివారు. 1959 నుండి కార్మిక, విద్యా, వ్యవసాయ శాఖలు చూసి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1968లో ఆర్థికమంత్రి అయ్యారు.

అప్పట్లో హైస్కూలుకు జీతం కట్టాలి. డబ్బు ఒక్కరికే సరిపోతే అన్న చదివేవాడు, చెల్లెలు ఇంట్లో ఉండిపోయేది. 1975 మే 20న విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ప్రధాని రామ్‌గులామ్ గారు మాట ఇచ్చారు, 1977లో హైస్కూలు చదువు ఉచితమైంది. మాట ప్రధానిది, డబ్బు వెతికే పని మాత్రం రింగాడూ గారిది! మా చెల్లెళ్ళు పుస్తకాలు పట్టుకొని బస్సెక్కారు.

తరువాత చక్కెర ధర పడిపోయింది. 1979లో రూపాయి విలువ తగ్గించారు, దిగుమతి సరుకులు ప్రియమయ్యాయి, ఉద్యోగాలు లేవు. 1982 ఎన్నికల్లో మారిషస్ ద్వీపంలోని 60 స్థానాలూ ప్రతిపక్షానికే పోయాయి. రింగాడూ గారూ ఓడిపోయారు. ఉచితంగా చదువుకున్న మేమే ఆయన పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేశాము. అది తప్పని ఇప్పటికీ అనము. కాని ఆ చదువు సంగతి ఆ రోజు ఒక్కరమూ తలచుకోలేదు.

ఆయన 1986లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగినప్పుడు ఆ పదవిలో ఉన్నది ఆయనే. 1992 మార్చి 12న తొలి రాష్ట్రపతి అయ్యి, జూన్ నెలాఖరున దిగిపోయారు. 2000లో కన్నుమూశారు. మేము అప్పటికి బడిపంతుళ్ళమై చాలా ఏళ్ళయింది.