కంప్యూటర్ బూట్ లోపాల నిర్ధారణ – చరిత్ర

కంప్యూటర్‌కు కరెంటు అందినప్పటి నుంచి ఆపరేటింగ్ సిస్టం పగ్గాలు చేపట్టే వరకు సాగే ప్రక్రియను బూటింగ్ అంటారు. అది మధ్యలో ఆగిపోవడానికి కారణం పవర్ సప్లైలో ఉండవచ్చు, ర్యామ్‌లోనో డిస్కులోనో ఉండవచ్చు. మదర్‌బోర్డు మీది చిప్‌లో రాసి ఉంచే ఫర్మ్‌వేర్ చెడిపోయినా యంత్రం లేవదు. తెర మీద ఒక్క అక్షరమైనా కనిపించని స్థితిలో యంత్రం ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చడమే బూట్ లోపాల నిర్ధారణ. యంత్రం లోపలి వివరాలు మరమ్మతు చేసేవారికి ఎంత అందుబాటులో ఉంటే ఈ పని అంత సులువవుతుందని దీని చరిత్ర చెబుతుంది.

తొలి దశ

1960ల నాటి మినీ కంప్యూటర్లలో తొలి ఆదేశాలను ఆపరేటరే ఎక్కించేవాడు. యంత్రం ముందువైపు పలక మీది స్విచ్చులను పైకీ కిందికీ వేస్తూ ఒక్కొక్క ఆదేశాన్నీ మెమరీలో పెట్టేవాడు. ఆ చిన్న ప్రోగ్రాము పేపర్ టేపు మీది పెద్ద ప్రోగ్రామును చదివించేది. పని ఆగిపోతే పలక మీది దీపాలను చూసి ప్రాసెసర్ ఎక్కడ నిలిచిందో చెప్పగలిగేవారు.

తెలుగు నేల మీద ఈ విద్యకు తొలి కేంద్రం హైదరాబాదు. డాక్టర్ ఎ.ఎస్. రావు నాయకత్వంలో 1967లో అక్కడ ఏర్పడిన ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా), ముంబైలోని ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ–12 కంప్యూటర్‌ను ఉత్పత్తి చేసింది. 1970లలో టీడీసీ–312, టీడీసీ–316 వచ్చాయి. యంత్రాన్ని తయారుచేసినవారు దేశంలోనే ఉండటంతో దాని సర్క్యూట్లు తెలిసిన ఇంజినీర్లూ ఇక్కడే తయారయ్యారు. 1978లో ఐబీఎం భారతదేశం నుంచి వైదొలగినప్పుడు దాని యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చేపట్టింది. వేరొకరు చేసిన యంత్రాన్ని బాగుచేయడం మన దేశంలో ఒక వృత్తిగా నిలబడటానికి ఆ సంస్థ అనుభవం తోడ్పడింది.

బయాస్ కాలం

1970ల మధ్యలో గేరీ కిల్డాల్ తన సీపీ/ఎం వ్యవస్థలో హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే భాగానికి బయాస్ అని పేరు పెట్టాడు. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐబీఎం పీసీ ఫర్మ్‌వేర్‌కూ అదే పేరు ఉండటంతో అది లోకమంతా పాకింది. ఆ పీసీ ఆన్ కాగానే తనను తాను పరీక్షించుకునేది. ఈ పరీక్షకే పోస్ట్ అని పేరు. అన్నీ సరిగా ఉంటే ఒక చిన్న బీప్ వినిపించేది. మెమరీ లోపానికి 201, కీబోర్డు లోపానికి 301 వంటి సంఖ్యలు తెర మీద పడేవి. బయాస్ ప్రోగ్రాము మొత్తాన్నీ ఐబీఎం తన సాంకేతిక గ్రంథంలో అచ్చువేసింది కూడా.

1984లో వచ్చిన పీసీ ఏటీ, సెట్టింగులను బ్యాటరీతో నిలిచే సీమాస్ మెమరీలో దాచింది. అదే ఏడాది ఫీనిక్స్ సంస్థ ఐబీఎం ప్రోగ్రామును నకలు చేయకుండా, అదే పనిచేసే బయాస్‌ను సొంతంగా రాయించి ఇతర కంపెనీలకు అమ్మింది. చవక పీసీలకు దారి తెరుచుకుంది. అయితే కంపెనీకొక బీప్ భాష పుట్టింది. అందుకే మెకానిక్‌లు పోస్ట్ కార్డును ఆశ్రయించారు. బయాస్ ఒక్కో దశలో పంపే సంకేతాన్ని అది రెండంకెల్లో చూపుతుంది.

1990లలో బయాస్ ఫ్లాష్ చిప్‌లలోకి మారింది. తిరిగి రాసుకునే వీలుతోపాటు చెరిగిపోయే ప్రమాదమూ వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్లలో బయాస్‌నే పాడుచేసింది. కంప్యూటర్ లేవకపోతే హార్డ్‌వేరే పోయిందన్న నమ్మకం ఆ రోజుతో చెదిరింది. ఆ తర్వాతి ఏళ్లలో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి లెక్కలేనన్ని మదర్‌బోర్డులు మూలపడ్డాయి.

యూఈఎఫ్ఐ

ఇంటెల్ 1990ల చివర మొదలుపెట్టిన కొత్త ఫర్మ్‌వేర్ ప్రమాణం 2005 నుంచి యూఈఎఫ్ఐ పేరుతో ఉమ్మడి వేదిక చేతికి వచ్చింది. పాత పద్ధతిలో 2 టెరాబైట్లు దాటిన డిస్కు నుంచి బూట్ కావడం కష్టమయ్యేది. ఆ హద్దు తొలగింది. డిజిటల్ సంతకం సరిగా ఉన్న ప్రోగ్రాముతోనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ రక్షణా వచ్చింది. అదే సమయంలో బూట్ వరుస, సంతకాలు, డిస్కు విభజన పద్ధతి ఒకదానితో ఒకటి పొసగక ఆగిపోయే కొత్త రకం లోపాలూ చేరాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

ఈ చరిత్రను చిన్న పట్టణాల్లోనూ చూడవచ్చు. తెలంగాణలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతానికి సాంకేతిక నైపుణ్యం చదువుల ద్వారా వచ్చింది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కళాశాలగా మారింది. 1998లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ పథకం కార్డ్, 2011లో మీసేవ కేంద్రాలు ప్రభుత్వ సేవలను కంప్యూటర్ ముందుకు తెచ్చాయి. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2020లో ధరణి పోర్టల్‌తో సాగుభూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాలకు చేరాయి. మండల కార్యాలయంలో ఒక కంప్యూటర్ లేవకపోతే రైతు పని వాయిదా పడే రోజులివి. అందువల్ల ఇక్కడ బూట్ లోపాన్ని గుర్తించగల మెకానిక్ అవసరం ప్రజావసరమే.

నిర్ధారణ క్రమం

దశాబ్దాల అనుభవం ఒక వరుసను స్థిరపరచింది. మొదట సాకెట్, ఎర్తింగ్, పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) వోల్టేజీలు చూడాలి. తర్వాత ప్రాసెసర్, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి మిగతావన్నీ తీసి ఆన్ చేయాలి. ర్యామ్ అంచులను రబ్బరుతో తుడిచి స్లాటు మార్చి చూడాలి. కంప్యూటర్ తేదీ పదే పదే వెనక్కి పోతుంటే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. ఇవన్నీ అయ్యాకే ఫర్మ్‌వేర్ వైపు వెళ్లాలి. చిప్‌లోని పాత ప్రతిని ముందుగా ప్రోగ్రామర్ పరికరంతో చదివి దాచుకుని, సరిగ్గా ఆ మోడల్ ఫైలునే రాయాలి. కరెంటు నిలకడగా లేనప్పుడు బయాస్ అప్‌డేట్ మొదలుపెట్టకూడదు. మధ్యలో సరఫరా పోతే బాగున్న బోర్డు కూడా పనికిరాకుండా పోవచ్చు.

నేటి స్థితి

ఐబీఎం అచ్చువేసినట్లుగా ఫర్మ్‌వేర్‌ను బయటపెట్టే తయారీదారులు నేడు అరుదు. సర్క్యూట్ పటాలూ దొరకవు. 1999లో లైనక్స్‌బయాస్‌గా మొదలై కోర్‌బూట్‌గా పేరు మార్చుకున్న స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఉద్యమం ఈ మూసివేతకు ఒక సమాధానం. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్ మరొకటి. వివరాలు చేతిలో ఉంటే మరమ్మతు గద్వాలలోనే పూర్తవుతుంది. లేకపోతే అదే బోర్డు హైదరాబాదు దాకా వెళ్లాలి, లేదా తుక్కు కింద లెక్క తేలాలి.