మెడ నిలిచే నెల ఏది?

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. తెలుగిళ్లలో బిడ్డ ఎదుగుదలకు ఇవే గుర్తులు. ఈ వేడుకలకు క్యాలెండరుతో పని లేదు; బిడ్డ ఎప్పుడు ఆ పని చేస్తే అప్పుడే పిండివంట. ఫలానా నెలకి మెడ నిలవాలి, ఫలానా నెలకి కూర్చోవాలి అని పట్టిక ముందు పెట్టుకుని చూడడం ఇరవయ్యో శతాబ్దపు వైద్యంతో బలపడిన అలవాటు. మంచి అలవాటే. అయితే నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆ లెక్క పుట్టిన తేదీ నుంచి మొదలుపెట్టకూడదు. ఈ సంగతి వైద్యులకు ఆ పిల్లల ఒళ్లే చెప్పింది, చాలా ఆలస్యంగా.

ఆలస్యానికి కారణం ఉంది. 1880ల మొదట్లో పారిస్ మెటర్నిటీ ఆసుపత్రిలో స్తెఫాన్ తార్నియే, కోడిగుడ్లు పొదిగే పెట్టె ప్రేరణతో, పసికందులకు వెచ్చని పెట్టెలు చేయించాడు. అప్పటి ప్రశ్న ఒక్కటే: బిడ్డ దక్కుతుందా? దానికి తూకమే కొలబద్ద అయింది. రెండున్నర కిలోల లోపు పుట్టిన వాళ్లందరినీ నెలలు నిండని వాళ్లుగానే లెక్కగట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం సగం దాటే దాకా సాగింది. తక్కువ బరువు వేరు, తక్కువ నెలలు వేరు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు విడదీసింది 1961లో.

ఆ తేడాను కళ్లకు కట్టినట్టు చూపిన పని కూడా పారిస్‌లోనే జరిగింది. వైద్యురాలు సెంట్-ఆన్ దార్గాసీ, ఆమె తరవాత క్లోదీన్ ఆమియెల్-తీసోన్ పిల్లల కండరాల బిగువును వారం వారం పరీక్షించారు. వెల్లకిలా ఉన్న బిడ్డను మెల్లగా లేపి కూర్చోబెట్టినప్పుడు తల ఎటు పోతుందో చూడడం అందులో ఒక పరీక్ష. 28 వారాల గర్భానికే పుట్టిన బిడ్డ ఒళ్లంతా మెత్తగా వేలాడుతుంది, తల పూర్తిగా వెనక్కి వాలిపోతుంది. వారాలు గడిచేకొద్దీ బిగువు కాళ్ల నుంచి పైకి పాకుతుంది. 40 వారాలకు తల క్షణంపాటు ఒంటితో పాటు వస్తుంది. పెట్టెలో ఎన్నాళ్లున్నా ఈ క్రమం పెద్దగా తొందరపడదు; మెదడు పక్వం కావడానికి పట్టే కాలం పడుతుంది. కాబట్టి 28 వారాలకు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు వచ్చాయంటే, ముందుగా వచ్చిన పన్నెండు వారాలు తీసేసి, మూడు నెలల పైచిలుకు బిడ్డగా చూడాలి.

ఇలా సర్దితే అసలైన జబ్బు కప్పబడిపోదా అని అడగవచ్చు. న్యాయమైన భయమే. సెరిబ్రల్ పాల్సీ వంటివి ఈ పిల్లల్లో ఎక్కువ, త్వరగా పట్టుకోవడం అవసరం. కానీ సర్దుబాటు అంటే గడువు ఇస్తూ పోవడం కాదు. సర్దిన వయసు నాలుగు నెలలు దాటినా తల వాలిపోతుంటే, ఒళ్లు బిగుసుకుపోయి మెడ వెనక్కి విల్లులా వంగుతుంటే, వెంటనే చూపించాలి. ముందుగా పుట్టి, కాన్పు కావలసిన తేదీకి చేరిన బిడ్డ అచ్చం నిండు నెలల బిడ్డలా ఉండదన్నదీ నిజమే: గర్భంలో ముడుచుకుని ఉండాల్సిన వారాలు పరుపు మీద చాచుకుని గడిపినందువల్ల భుజాలు వెనక్కి లాగుతాయి. అందుకే గుడ్డలు చుట్టి గూడులా అమర్చి పడుకోబెట్టడం వచ్చింది. సర్దుబాటు సాధారణంగా రెండేళ్ల దాకానే చేస్తారు. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క. అందువల్ల ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే బిడ్డ కార్డు మీద పుట్టిన తేదీ పక్కన కాన్పు కావలసిన తేదీ కూడా రాసి, దేనికి ఏది చూడాలో తల్లికి చెప్పి పంపాలి.