వేలికొసల చదువు

ఎల్.కె.జి. గదిలో పిల్లలు గరుకు కాగితపు అక్షరాల మీద వేలు పెట్టి దిద్దడం, లావూ సన్నం కొయ్య బిళ్ళలను వాటి వాటి గుంటల్లో అమర్చడం మనకిప్పుడు కొత్త కాదు. మంచి నర్సరీకి అదొక గుర్తుగా కూడా చెప్పుకుంటున్నాం. ఈ సామగ్రికి మూలమైన ఆలోచన మాత్రం, చదువు రాదని బడి వదిలేసిన పిల్లల దగ్గర పుట్టింది.

1800 జనవరిలో ఫ్రాన్స్ దక్షిణ భాగాన, అవేరోన్ ప్రాంతపు అడవుల్లోంచి ఒక పిల్లవాడు ఊళ్ళోకి వచ్చాడు. పదకొండో పన్నెండో ఏళ్ళుంటాయి. మాట లేదు. ఆ ఏడే పారిస్ తీసుకొచ్చారు. మానసిక వైద్యంలో ఆనాటి పెద్ద పేరు ఫిలిప్ పినెల్ పరీక్షించి, వీడికి బుద్ధిమాంద్యం, బాగుపడడు అని తేల్చేశారు. బధిరుల విద్యాలయంలో కొత్తగా చేరిన ఇరవయ్యారేళ్ళ డాక్టరు ఇటార్ ఒప్పుకోలేదు.

చెవి దగ్గర పిస్తోలు పేల్చినా ఉలకని ఆ పిల్లవాడు, ఎక్కడో అక్రోటుకాయ పగిలితే చటుక్కున తిరిగి చూసేవాడు. అంటే చెవి చెడలేదు, తనకు కావలసినదే వింటోంది. ఇటార్ ఆ ఒక్క సంగతి పట్టుకున్నారు. రోజూ రెండు మూడు గంటలు వేడినీళ్ళ స్నానం చేయించారు. కొన్నాళ్ళకు వాడు వేలు ముంచి చూసి, వేడి చాలకపోతే తొట్టిలోకి దిగనని మొరాయించసాగాడు. చర్మానికి తెలివి వచ్చిందన్నమాట! పాలు అనే మాటకు ఫ్రెంచిలో నాలుగక్షరాలు. విడి అక్షరాలతో ఆ మాట పేర్చడం నేర్పారు. ఒకరోజు తెలిసినవారింటికి వెళ్తూ విక్టర్ (ఇటార్ పెట్టిన పేరు అదే) ఎవరూ చెప్పకుండానే ఆ నాలుగక్షరాలూ జేబులో వేసుకెళ్ళి, అక్కడ బల్ల మీద పేర్చి పాలు అడిగాడు.

సుమారు అయిదేళ్ళ కృషి అది. ఒక్క పిల్లవాడి కోసం. అయినా విక్టర్‌కు మాటలు రాలేదు. 1806లో ఇటార్ రెండో నివేదిక రాసి ఆ పని చాలించారు. తల్లిలా సాకిన మదాం గెరాన్ దగ్గరే విక్టర్ 1828లో చనిపోయేదాకా ఉన్నాడు.

ఇటార్ శిష్యుడు ఎడ్వర్డ్ సెగ్విన్ దాన్నొక పద్ధతిగా మలిచారు. ముందు కండరాలకు పని, తర్వాత ఇంద్రియాలకు, ఆపైన ఆలోచనకు. 1846లో ఫ్రెంచిలో పెద్ద గ్రంథం రాశారు, తర్వాత అమెరికా వెళ్ళిపోయారు. పది ఆకారాలను వాటి గుంటల్లో అమర్చే చెక్క పలకను మన సైకాలజిస్టులు ఇవాళ్టికీ సెగ్విన్ ఫారం బోర్డు అనే అంటారు. విచిత్రమేమిటంటే, నేర్పడానికి కనిపెట్టిన పలక ఇప్పుడు తెలివి కొలవడానికి ఎక్కువ వాడుతున్నారు.

మరియా మాంటిస్సోరి 1896లో రోమ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. పిచ్చాసుపత్రుల్లో పడి ఉన్న పిల్లలను చూసి, వీళ్ళకు కావలసింది మందు కంటే చదువు అనుకున్నారు. ఇటార్, సెగ్విన్ రచనలను ఇటాలియన్‌లోకి చేసుకుని, మొత్తం చేత్తో రాసుకున్నారు. ఆమె 1900 నుంచి రెండేళ్ళు నడిపిన ప్రత్యేక పాఠశాలలో ఆ పిల్లలు చదవడం, రాయడం నేర్చి మామూలు పిల్లల పరీక్షలే ప్యాసయ్యారు. అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం వేరే సందేహం వచ్చింది: వీళ్ళే ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మామూలు బళ్ళు ఎందుకింత వెనక ఉంచుతున్నాయి? 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో పేదవాడలో మొదటి బాలల గృహం ఆ సందేహంతోనే తెరిచారు. అక్కణ్ణుంచి ఆమె పేరు ప్రపంచమంతా పాకింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

పేరు పెరిగే కొద్దీ మొదటి పిల్లలు కథలోంచి జారిపోయారు. నాకు బాధ కలిగించేది ఇదే. సామగ్రి ఫీజులు కట్టగలిగిన నర్సరీలకు చేరింది. ఎవరి వేళ్ళ కోసం మొదలైందో ఆ పిల్లవాడిని చాలాచోట్ల గుమ్మంలోనే, వేరే బడి చూసుకోండి అంటున్నారు. స్వర్ణోత్సవ సంచికలో మనం పైకొచ్చినవాళ్ళ ఫొటోలు వేసుకుంటాం. మూడో తరగతిలోనే ఆగిపోయినవాళ్ళు ఏ బడిలోనైనా పాత హాజరుపట్టీలో తప్ప దొరకరు.

ఇప్పుడు దారులు లేకపోలేదు. సికింద్రాబాద్‌లో ఈ పిల్లల కోసం జాతీయ సంస్థ 1984లోనే వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అయితే పిల్లవాడు రోజంతా గడిపేది మామూలు తరగతిలోనే, మామూలు మాస్టారి ముందే.

ఆ మాస్టారికి ఇదేమీ పరాయి విద్య కాదు. మన వీధి బడుల్లో పంతులుగారు వేలు పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దించేవారు. పలకా బలపం తర్వాతే. గరుకు కాగితం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అక్షరాలు అరచేయంత పెద్దవిగా కత్తిరించి, నున్నటి అట్ట మీద అంటించాలి. చూపుడువేలు, మధ్యవేలు కలిపి, మనం రాసే వైపుగానే నడిపిస్తూ, ఆ అక్షరం ధ్వని పలకాలి. రోజుకు రెండు అక్షరాలు చాలు. గుండ్రటి అక్షరాలతో మొదలుపెడితే వేలు సులువుగా తిరుగుతుంది.