పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ

ల్యాప్‌టాప్ మొరాయిస్తుంటే, కొత్తది కొనేముందు హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేసి చూడమని నా సలహా. ఇందులో తిరిగే పళ్ళెం ఉండదు కనుక ఫైళ్ళు వెంటనే తెరుచుకుంటాయి.

మీ ల్యాప్‌టాప్‌లో పట్టేది 2.5 అంగుళాల సాటా రకమో, ఎం.2 రకమో ముందు మాన్యువల్‌లో చూసుకోండి. సాటా వేగం సెకనుకు సుమారు 550 మెగాబైట్లే అయినా పాత మెషీన్‌కు అది చాలు.

నేను మా ల్యాప్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, పాత డిస్క్‌ను దానిలోకి క్లోన్ చేశాకే మరలు విప్పాను. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

ఒక్క హెచ్చరిక: హార్డ్ డిస్క్ చాలాసార్లు చప్పుడు చేసి చెడుతుంది, ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోవచ్చు. అందుకే అమ్మానాన్నల ఫొటోలు, వీసా కాగితాలు మరో డిస్క్‌లో కూడా తప్పక దాచుకోండి.