ఎముకల గవాహీ

మా పాత బస్తీలో చెయ్యి విరిగితే ఇప్పటికీ చాలామంది పెద్ద దవాఖానా కంటే ముందు పహిల్వాన్ దగ్గరికే పోతారు. ఆయన వేళ్ళతో నొక్కి హడ్డీ ఎక్కడ జరిగిందో చూస్తాడు. వెదురు బద్దలు పెట్టి, నూనెలో తడిపిన గుడ్డతో పట్టీ కడతాడు. చిన్నప్పుడు పతంగి వెంట పరిగెత్తి మిద్దె మీంచి పడితే నాకూ అట్లాగే కట్టారు. "హడ్డీ తనంతట తానే అతుక్కుంటది బేటా, మనం సీదా పట్టి ఉంచాలె, అంతే" అన్నాడు ఆ పెద్దాయన.

ఆ మాటలో పెద్ద ఇల్మ్ ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఎముక రాయి లాంటిది అనుకుంటాం గానీ అది బతికున్న వస్తువు. దాంట్లో ఒక రకం కణాలు పాత ఎముకను తొలిచేస్తుంటే, ఇంకో రకం కణాలు కొత్తది పేరుస్తుంటాయి. ఈ మరమ్మతు చచ్చేదాకా ఆగదు. సామాను మనం తినే తిండిలోంచి, తాగే నీళ్ళలోంచి వస్తుంది. సామానులో తేడా ఉంటే ఇల్లూ తేడాగానే లేస్తుంది. అట్లా తేడాగా లేచిన ఎముకల తారీఖ్ ఇది. మా చార్మినార్‌కు వంద కిలోమీటర్ల దూరంలో, నల్లగొండలో నడిచింది.

నల్లగొండకు పోయేముందు ఒక పాత ముచ్చట. క్రీస్తుశకం 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఘోరమైన కరువొచ్చింది. ఆ రోజుల్లో అక్కడున్న హకీమ్ అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ, చచ్చినవాళ్ళ ఎముకలు గుట్టలుగా పడి ఉన్న చోటికి పోయి ఒక్కొక్కటీ చూశాడు. కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయని జాలినూస్ రాసిపెట్టాడు. వెయ్యేళ్ళు అందరూ అదే చదువుకున్నారు. బగ్దాదీ రెండు వేలకు పైగా పుర్రెలు పరీక్షించి, ఉన్నది ఒకటే ఎముక అని తేల్చాడు. కితాబు ఎంత గొప్పదైనా కళ్ళ ముందున్న ఎముక గవాహీయే పెద్దదని ఆయన వైఖరి. ఎముకల మీద తహకీక్ చేసేవాళ్ళకు అదే మొదటి పాఠం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1937. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. తర్వాత ప్రకాశం జిల్లా కిందికి వచ్చిన పొదిలి, దర్శి వైపు పల్లెల్లో జనం నడుములు వంగిపోతున్నాయి, మెడలు తిరగట్లేదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సాథీలు అక్కడ తహకీక్ చేసి, దీనికి కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడ్ అని రాశారు. హిందుస్తాన్‌లో ఎముకల ఫ్లోరోసిస్ మొదటిసారి కాయితం మీదికి ఎక్కింది తెలుగు పల్లెల నుంచే. కొంచెం ముందు, 1932లో, డెన్మార్క్‌లో క్రయోలైట్ అనే ఖనిజం పొడి పీల్చిన కార్ఖానా మజ్దూర్ల ఎముకల్లో ఇదే జబ్బు కనిపించింది. అక్కడ కార్ఖానా ధూళి చేసిన పనిని ఇక్కడ చేదబావి చేసింది.

ఇది ఎట్లా జరుగుతుంది? మన గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. ఆ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలోకి అది కరిగి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు. రోజూ అంతకంటే ఎక్కువ లోపలికి పోతే మొదట పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎముకలో చేరి, కొత్త ఎముక పేర్చే కణాలను ఉసిగొల్పుతుంది. ఎముక మందమవుతుంది, ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. చూడ్డానికి గట్టిగా ఉన్నా లోపల పెళుసు. ఎముకలను కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా సున్నం పట్టి బిగుసుకుంటాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని కర్రలా అయిపోతాయి. లోపలి వెన్నుపాము నలిగితే కాళ్ళూ చేతులూ పడిపోతాయి. రుకూలో వంగినట్టు వంగిన నడుము మళ్ళీ లేవదు. దీన్ని సీదా చేసే పట్టీ ఏ పహిల్వాన్ దగ్గరా లేదు, ఏ సర్జన్ దగ్గరా లేదు.

మా పాత బస్తీ ఈ బలా నుంచి ఎట్లా తప్పించుకుందో తెలుసా? 1908 మూసీ తుఫాను తర్వాత నిజాం హుకూమత్ 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ కట్టించింది. అంతకు ముందు మీర్ ఆలం చెరువు ఉండనే ఉంది. మా దాదాలు, నానాలు వాన నీళ్ళు నిలిచిన చెరువుల నుంచి నల్లా నీళ్ళు తాగారు. మా కాళ్ళ కిందా గ్రానైటే ఉంది. నల్లగొండ పల్లె ఆ రాయి లోపలి నీళ్ళు తోడుకుని తాగాల్సి వచ్చింది, మేం తాగలేదు. మా హడ్డీలకూ వాళ్ళ హడ్డీలకూ మధ్య ఉన్న ఫరక్ అంతే. ఇందులో మా గొప్ప ఏమీ లేదు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. రెండూ ఒకటే మాట ఎందుకైందో నాకు 1955 డిసెంబర్ 10 చూశాక అర్థమైంది. ఆ తేదీ వేసుకున్న బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంచికలో ఏ.హెచ్. సిద్దిఖీ అనే డాక్టర్ సాబ్ వ్యాసం వచ్చింది. నల్లగొండ జిల్లా, హైదరాబాద్-దక్కన్‌లో ఫ్లోరోసిస్ అని దాని శీర్షిక. మన పక్క జిల్లా మరీజ్‌ల నడుముల కథ లండన్ పత్రికలో ఆరు పేజీలు. సరిగ్గా అదే రోజు, అదే నల్లగొండ జిల్లా అంచున నందికొండ దగ్గర, జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జున సాగర్‌కు పునాదిరాయి వేశారు. ఒకే రోజు జబ్బు పేరు ప్రపంచానికి తెలిసింది, దాని ఇలాజ్ కాగలిగిన నదికి అడ్డంగా మొదటి రాయి పడింది. ఆ రెండు ఖబర్లనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని జర్నలిస్టునైన నాకు అనిపిస్తుంటుంది.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు పచ్చబడ్డాయి. మునుగోడు, మర్రిగూడ వైపు మెట్ట ఊళ్ళకు ఆ నీళ్ళు ఎక్కలేదు. అక్కడ చేదబావులు ఎండితే బోర్లు దిగాయి. జనం రాతి లోపలి నీళ్ళకు ఇంకా దగ్గరయ్యారు.

తర్వాత మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇంకో సంగతి పట్టింది. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో రాశారు. ఫ్లోరోసిస్ ఉన్న పల్లెల్లో పడుచు వయసు వాళ్ళ మోకాళ్ళు లోపలికి తిరిగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. వెన్నెముక మందమవుతుంటే, కాళ్ళూ చేతుల ఎముకలు గుల్లబారుతున్నాయి. ఒకే ఒంట్లో రెండు ఎదురెదురు జబ్బులు. ఆ సంస్థవాళ్ళు ఇట్లా వివరించారు. జలాశయం నీళ్ళు ఊరి భూగర్భ నీటిమట్టం పైకి లేచింది, నేల చవుడుబారింది. ఆ నేలలో పండిన జొన్నల్లో మాలిబ్డినం పెరిగింది, ఒంట్లోని రాగి బయటికి పోసాగింది. రాగి తగ్గితే ఎముక కట్టుబాటు చెడుతుంది. ఇక్కడ దెబ్బ తిన్నది ఎక్కువగా జొన్న రొట్టె మీద బతికే గరీబులు.

ఆ దశకంలోనే నాగ్‌పూర్‌కు చెందిన నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి చెప్పింది. దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల పుస్తకాల్లోకీ మన నల్లగొండ అట్లా ఎక్కింది. పేరు దునియా తిరిగింది, నల్లగొండ పల్లెల కుండల్లో మాత్రం పాత నీళ్ళే ఉన్నాయి.

చివరికి జనమే గవాహీ ఇయ్యడానికి నిలబడ్డారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, జల సాధన సమితి పిలుపు మీద, నల్లగొండలో బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పత్రం కితాబంత అయ్యింది. అదొక దరఖాస్తు అనుకోండి. నీళ్ళ కోసం ఒక జిల్లా పెట్టుకున్న దరఖాస్తు.

2004 నాటికి కృష్ణా నీళ్ళు పైపుల్లో కదిలాయి. నల్లగొండ జిల్లా అక్కంపల్లి, కోదండాపురం మీదుగా సాహెబ్‌నగర్‌కు, అంటే హైదరాబాద్‌కు వచ్చాయి. ఆ జిల్లా దాటి వచ్చిన నీళ్ళు మా నల్లాల్లోకీ చేరాయి. ఇంటింటికీ నీళ్ళిచ్చే మిషన్ భగీరథ మొదలైంది 2016లో. ఇప్పుడు నల్లా నీళ్ళు తాగి పెరిగే పిల్లల పళ్ళు తెల్లగా ఉంటే అల్‌హమ్దులిల్లాహ్. కానీ 1937 నుంచి లెక్కేస్తే ఇది డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆ మధ్యలో వంగిన నడుములను ఏ పైపూ లేపలేదు.

ఈ కథలో సైన్సు ఆలస్యం చెయ్యలేదు. షార్ట్ చెప్పాడు, సిద్దిఖీ సాబ్ చెప్పాడు, తార్నాకవాళ్ళు చెప్పారు. ఎముకల గవాహీని వాళ్ళు చదివి వినిపించారు. వినాల్సినవాళ్ళు వినలేదు. వాళ్ళలో హుకూమత్ ఉంది, మా లాంటి ఖబర్లు రాసేవాళ్ళం ఉన్నాం, నగరంలో నల్లా తిప్పుకుని తాగినవాళ్ళమూ ఉన్నాం.

ఖియామత్ రోజు ఎముకలన్నీ మళ్ళీ పోగవుతాయని నమ్మేవాణ్ణి నేను. ఆ రోజు మర్రిగూడ వైపు నుంచి లేచే ఎముకలు మమ్మల్ని ఒక సవాల్ అడుగుతాయి. మా ఊరి మీదుగా పోయిన నీళ్ళు మీరు తాగుతున్నప్పుడు, మేం ఏం తాగుతున్నామని ఒక్కసారైనా అడిగారా?