నరాల జబ్బుకు నడకే కొలతా?



వికలాంగుల సర్టిఫికెట్ అనగానే మనందరి చూపు ముందు కాళ్ల మీదకే పోతుంది. ఆ అలవాటు మన ఒక్కరిదే కాదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఎం.ఎస్., అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ సంగతి చూస్తే అది తెలుస్తుంది. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీదుండే పొర దెబ్బతినే జబ్బు ఇది. తొడుగు ఊడిన కరెంటు తీగలాగన్నమాట.

1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని విడి జబ్బుగా వివరించాడు. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. ఇవాళ లోకమంతా వాడే కొలత మాత్రం అమెరికా డాక్టరు జాన్ కర్ట్‌జ్కెది. 1955లో మొదలుపెట్టి 1983లో పెంచాడు. 0 నుంచి 10 దాకా అంకెలు. 6 అంటే వంద మీటర్ల నడకకు చేతికర్ర కావాలి. 7 అంటే చక్రాల కుర్చీ. చూపు, స్పర్శ, మూత్రం అదుపు కూడా పరీక్షిస్తారు గానీ, 4 దాటాక అంకెను తేల్చేది ముఖ్యంగా నడకే.

మన దేశంలో 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. కదలికల వైకల్యం అంటే ఎముకలు, కీళ్లు, కండరాలు అని రాశారు. ఎం.ఎస్. పేరే లేదు. 2016 చట్టం ఆ ఏడింటినీ 21 చేసి, ఎం.ఎస్.ను పేరుపెట్టి చేర్చింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. కేంద్ర చట్టం కాబట్టి మనకూ, సదరం సర్టిఫికెట్ ఇచ్చే పక్క ఆంధ్రకూ ఒక్కటే. రిజర్వేషన్ లాంటి వాటికి 40 శాతం ఉండాలి.

చిక్కల్లా ఇక్కడే. ఈ జబ్బు ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. ఒళ్లు వేడెక్కితే చూపు మసకేస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి. ఊటాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే ఇలాంటి మార్పును గమనించాడు. మన మే నెల ఎండలో ఇంటి గడప దాటలేని మనిషి, డిసెంబరు ఉదయం బోర్డు ముందు చక్కగా నడవొచ్చు. ఆ ఒక్క పూట చూసి శాతం వేస్తే అన్యాయమే.

అందుకే మనవాళ్లెవరైనా బోర్డుకు వెళ్తుంటే ఎమ్మారై, కంటి పరీక్ష, ఆసుపత్రి కాగితాలన్నీ పట్టుకెళ్లమందాం. నీరసం, మూత్రం ఇబ్బంది సిగ్గుపడకుండా చెప్పమందాం. బాగాలేని రోజున ఎంత దూరం నడవగలరో ముందే రాసుకోమందాం.

ఇక మన వంతు. "నిన్న బజారులో బాగానే నడిచాడు కదా" అనే మాట మనం మానేద్దాం.